జానపద వీరుడి వ్యాసంలో సినిమాకు చోటుందా?

ప్రశ్న: నెల్లూరు సీమ జానపద గాథల విజ్ఞాన సర్వస్వానికి కాటమరాజు మీద వ్యాసం రాస్తున్నాను. ‘కాటమరాయుడు’ సినిమా సంగతి చేర్చమని కొందరు, అలాంటివి అసలు వద్దని కొందరు అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ఆ సినిమా గాథను తీసుకుందా, పేరును మాత్రమే తీసుకుందా అని ముందు చూడండి. 2017లో వచ్చిన ‘కాటమరాయుడు’ తమిళ ‘వీరం’కు రీమేక్. కాటమరాజు గాథలోని పుల్లరి (పశువుల మేత పన్ను) తగవు, నెల్లూరు ప్రభువు మనుమసిద్ధి, ఆయన సేనాని ఖడ్గతిక్కన, పాలేటి ఒడ్డున యుద్ధం అందులో లేవు. పేర్లు చూసి ఎవరూ పొరబడకుండా ఒక్క వాక్యం రాస్తే చాలు. ఆరుద్ర నాటకం ‘కాటమరాజు కథ’ సంగతి వేరు. అది గాథనే రంగస్థలం మీదికి తెచ్చింది కాబట్టి తప్పక చేర్చండి.

అసలు వద్దనడమూ సరికాదు. జపాన్‌లో తొరియామా సెకియెన్ 1776లో అచ్చువేసిన యోకాయ్‌ భూతాల బొమ్మల పుస్తకం ఆనాటి జనం కొనుక్కున్న వినోదమే. ఈనాడు పరిశోధకులకు అదే ఆధారం. మిజుకి షిగెరు కామిక్స్ ‘గెగెగె నో కితారో’ కూడా పాత భూతాలకు కొత్త తరంలో ప్రాణం పోసింది. గాథ ఎలా మారుతూ వచ్చిందో చెప్పే ప్రతి రచనా దాని చరిత్రలో భాగమే.

అయితే కొమ్మువారనే జానపద గాయకులు పాడే కథకే వ్యాసంలో పెద్దపీట వేయండి. నాటకాలు, సినిమాలు చివర, ఏది ఏం మార్చిందో చెబుతూ రావాలి. ఉత్త పేర్ల జాబితా వద్దు. ముందుగా మీ చుట్టుపక్కల ఆ కథ పాడే పెద్దలుంటే, వాళ్ల పాఠాన్ని రికార్డు చేయండి.