ఒక పన్ను తగ్గితే ఏమవుతుంది?

ఈ పన్ను ప్రభుత్వం వేసేది కాదు, మన నోట్లో ఉండేదీ కాదు. గొలుసు తిరిగే చక్రానికి ఉండే పన్ను. మీ ఇంట్లోనో పక్కింట్లోనో సైకిలు ఉంటే ఒకసారి దాని దగ్గర కూర్చోండి. పెడలు దగ్గరున్న పెద్ద పళ్ల చక్రానికి సుద్దముక్కతో ఒక గుర్తు పెట్టి, అక్కడి నుంచి పళ్లు లెక్కించండి. వెనక ఇరుసు దగ్గరున్న చిన్నదానికీ అలాగే చేయండి. ముందు 44, వెనక 18 వచ్చాయనుకుందాం. పెడలు ఒక చుట్టు తిరిగితే గొలుసు 44 పళ్ల మేర జరుగుతుంది. అంత గొలుసు వెనక చక్రం మీదుగా పోవాలంటే అది 44/18, అంటే 2.44 చుట్లు తిరగాలి. ఒకసారి తొక్కితే చక్రం దాదాపు రెండున్నరసార్లు తిరిగిందన్నమాట.

ఇప్పుడు వీధిలో నిలిపి ఉన్న మోటారు సైకిలును చూడండి. గొలుసు మీద పూర్తి మూత లేని బండి అయితే మంచిది. వెనకున్న పళ్ల చక్రం పెద్దది, ఇంజను పక్కనున్నది చిన్నది. సైకిలుకు పూర్తిగా తారుమారు! ఎందుకంటారు? మన కాలు గట్టిగా తొక్కగలదు గాని నిమిషానికి అరవై డెబ్బై చుట్లకు మించి తొక్కాలంటే ఆయాసం వస్తుంది. ఇంజను సంగతి వేరు. అది నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది గాని, ఆ తిప్పే బలం నేరుగా చక్రాన్ని కదిలించడానికి చాలదు. అందుకని వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచుకోవాలి. ఆ పనిలో కొంత గేరు బాక్సు చేస్తుంది, మిగిలింది ఈ రెండు పళ్ల చక్రాలూ చేస్తాయి. మెకానిక్కులు వీటిని స్ప్రాకెట్లు అంటారు.

తారురోడ్డు మీదా, రోడ్డే లేని చోటా నడవడానికి తయారుచేసిన మోటారు సైకిళ్లను డ్యూయల్ స్పోర్ట్ బండ్లు అంటారు. మనం వీటిని ‘రెండు దారుల బండ్లు’ అనుకుందాం. 1968లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన 250 సీసీ యమహా డీటీ-1 ఈ జాతికి పేరు తెచ్చింది. మన దేశంలో 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి హిమాలయన్ వచ్చింది. దాని ఇంజను 411 సీసీ. ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 17. నేలకూ బండి అడుగుభాగానికీ మధ్య ఖాళీ 220 మిల్లీమీటర్లు. ముందు చక్రం అంత పెద్దది ఎందుకంటే, పెద్ద చక్రం గుంటలో తక్కువ దిగుతుంది, రాయిని తేలికగా ఎక్కుతుంది. 2023లో 452 సీసీ ఇంజనుతో కొత్త హిమాలయన్ వచ్చింది గాని, మన లెక్కకు పాతదాన్నే తీసుకుందాం. దాని ముందు స్ప్రాకెట్‌కు 15 పళ్లు, వెనకదానికి 38. అంటే ముందుది 2.53 చుట్లు తిరిగితే వెనక చక్రం ఒక చుట్టు తిరుగుతుంది.

ఒకాయన ఈ బండి మీద కొండదారుల్లో ఎక్కువగా తిరుగుతాడనుకోండి. రాళ్ల ఎక్కుడులో బండి మెల్లగా, గట్టిగా లాగాలి. అందుకని 15 పళ్ల స్ప్రాకెట్ తీసి 14 పళ్లది వేయిస్తాడు. ఒక్క పన్నే తగ్గింది. నిష్పత్తి 38/14, అంటే 2.71 అయింది. చక్రాన్ని తిప్పే బలం నూటికి 7 పాళ్లు పెరిగింది. ఇదే ఫలితం వెనక స్ప్రాకెట్‌తో సాధించాలంటే అక్కడ రెండు మూడు పళ్లు పెంచాలి. ఎందుకో మీరే లెక్కవేసి చూడండి.

బలం ఊరికే వచ్చిందా? రాదు గదా. ప్రకృతి దగ్గర అరువు బేరాలుండవు. సామర్థ్యం అంటే బలం, వేగాల లబ్ధం అని మీరు చదువుకున్నారు. ఇంజను సామర్థ్యం మారలేదు కాబట్టి బలం పెరిగితే వేగం తగ్గాలి. పై గేరులో ఇంజను నిమిషానికి 4000 చుట్లు తిరుగుతున్నప్పుడు బండి గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. పన్ను తగ్గాక అన్నే చుట్లకు వేగం 80 × 14/15, అంటే దాదాపు 75 కిలోమీటర్లే. మళ్లీ 80 కావాలంటే ఇంజను 4286 చుట్లు తిరగాలి. పెద్ద రోడ్డు మీద రోజంతా ప్రయాణించేవాడికి ఆ అదనపు చుట్లు రొదగా, అదురుగా తెలుస్తాయి. పైగా గొలుసు ప్రతి పన్ను దగ్గరా 24 డిగ్రీలు వంగేది ఇప్పుడు 25.7 డిగ్రీలు వంగాలి. ఎక్కువ వంగితే ఎక్కువ అరుగుతుంది.

బండికి మార్పు అనగానే చాలామంది కుర్రవాళ్లు ముందు సైలెన్సరు మీద పడతారు. దానివల్ల వీధివాళ్లకు నిద్ర పోతుంది గాని బండికి లాగే శక్తి వచ్చేది నామమాత్రం. ఒక్క పన్ను చేసే పనిని సద్దు లేకుండా చేసిపోతుంది.

ఇక గొలుసు బిగువు సంగతి. ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. రెండు దారుల బండి గొలుసును వేలితో పైకీ కిందికీ ఆడిస్తే, మామూలు బండి గొలుసు కంటే వదులుగా ఉన్నట్లనిపిస్తుంది. ‘అయ్యో, వేలాడుతోందే’ అని పానా తీసుకొని ముచ్చటగా బిగించేస్తారు. బండికి ఇంతకంటే అపకారం లేదు. ఎందుకో తెలియాలంటే ఒక అట్టముక్క, రెండు గుండుసూదులు, ఒక స్కేలు చాలు.

అట్ట మీద ‘అ’ అనే చుక్క పెట్టండి. ఇది ఇంజను దగ్గరున్న స్ప్రాకెట్ కేంద్రం. దానికి 5 సెంటీమీటర్ల దూరంలో ‘ఆ’ అనే చుక్క పెట్టండి. వెనక చక్రాన్ని పట్టుకునే చట్రం, అంటే స్వింగ్ ఆర్మ్, ఇక్కడే కీలు మీద పైకీ కిందికీ ఊగుతుంది. 20 సెంటీమీటర్ల కంటే కాస్త పొడవైన అట్ట పట్టీ కత్తిరించి, ఒక చివర ‘ఆ’ దగ్గర సూదితో గుచ్చండి. పట్టీ మీద ‘ఆ’ నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో ‘ఇ’ అని గుర్తు పెట్టండి. అదే వెనక ఇరుసు. పట్టీని తిప్పుతూ ‘అ’ నుంచి ‘ఇ’ వరకు దూరం కొలవండి. మూడు చుక్కలూ ఒకే వరుసలో ఉంటే 25 సెంటీమీటర్లు వస్తుంది. పట్టీని 30 డిగ్రీలు కిందికి దించితే 24.5 కంటే కాస్త తక్కువ వస్తుంది. పైకెత్తినా అంతే.

అసలు బండిలో ‘అ’, ‘ఆ’ ఇంకా దగ్గరగా ఉంటాయి కాబట్టి తేడా తక్కువే. కాని సూత్రం అదే. నిలిపి ఉన్న బండిలో వెనక ఇరుసు సాధారణంగా కిందికి వాలి ఉంటుంది. మనిషి ఎక్కితే, గుంటలో పడితే, చక్రం పైకి లేచి మూడు కేంద్రాలూ ఒకే వరుసలోకి వస్తాయి. అప్పుడు దూరం అన్నిటికంటే ఎక్కువ, గొలుసు అన్నిటికంటే బిగువు. నిలిపినప్పుడే వదులు లేకుండా బిగిస్తే ఆ క్షణంలో గొలుసు సాగలేదు. ఆ లాగుడంతా గేరు బాక్సు ఇరుసు మీదా, దాని బేరింగు మీదా పడుతుంది. రెండు దారుల బండిలో చక్రం మామూలు బండిలో కంటే ఎక్కువ ఎత్తుకు లేస్తుంది. అందుకే దాని గొలుసుకు ఎక్కువ వదులు కావాలి. బేరింగు పోతే ఇంజను విప్పాల్సిందే. అలాగని మరీ వదులుగా వదిలేసినా ప్రమాదమే. గొలుసు పళ్ల మీంచి జారి చక్రాన్ని పట్టేయవచ్చు. ఎంత వదులుండాలో, బండిని ఏ స్టాండు మీద ఉంచి కొలవాలో కంపెనీ ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. అది చదివిన తర్వాతే పానా పట్టాలి.

గొలుసు ‘సాగింది’ అని మెకానిక్కు అంటాడు. నిజానికి ఇనుము సాగదు. లింకుకూ లింకుకూ మధ్యనున్న పిన్నులూ బుష్షులూ అరుగుతాయి. ఇలాంటి బండ్ల గొలుసుల్లో రెండు పిన్నుల మధ్య దూరం సాధారణంగా 15.875 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో 5/8 వంతు. గొలుసులో 110 లింకులుండి ఒక్కో కీలు 0.1 మిల్లీమీటరు అరిగితే మొత్తం మీద 11 మిల్లీమీటర్లు పెరిగినట్లే. అప్పుడు లింకుల దూరమూ పళ్ల దూరమూ కుదరక, పళ్లు ఒక పక్కకు కొక్కేల్లా అరుగుతాయి. అరిగిన పళ్ల మీద కొత్త గొలుసు వేస్తే అదీ త్వరగా పాడవుతుంది. అందుకే గొలుసునూ రెండు స్ప్రాకెట్లనూ కలిపి సెట్టుగా మారుస్తారు.

అరుగుదలకు అసలు కారణం ఇసుక. ఇసుకలోని క్వార్ట్జ్ మామూలు ఉక్కు కంటే గట్టిది. నూనెలో కలిస్తే అది గరుకు కాగితం చేసే పనే చేస్తుంది. దీన్ని అడ్డుకోవడానికి నేటి గొలుసుల్లో కీళ్ల దగ్గర రబ్బరు రింగులు పెట్టి లోపలి గ్రీజును బంధిస్తారు. కాబట్టి పెట్రోలుతో, ఇనుప బ్రష్షుతో కడగకూడదు. రబ్బరు చెడుతుంది. కిరసనాయిలు, మెత్తని బ్రష్షు చాలు. తుడిచి, ఆరనిచ్చి, నూనె పట్టించాలి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి: ఇంజను నడుస్తుండగా గొలుసు దగ్గర గుడ్డగాని వేలుగాని పెట్టవద్దు. గుడ్డను పళ్లు లాక్కుంటాయి, గుడ్డతోపాటు వేళ్లనూ లాక్కుంటాయి. వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఇంజను ఆపి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూనే ఈ పని చేయాలి.

ఇసుక ఇంజనులోకీ పోగలదు. 411 సీసీ ఇంజను రెండు చుట్లకొకసారి గాలి పీలుస్తుంది. ఆక్సిలరేటరు పూర్తిగా తెరిచి నిమిషానికి 4000 చుట్లతో తిరిగితే 2000 సార్లు, అంటే దాదాపు 820 లీటర్ల గాలి! దుమ్ముదారిలో వెళ్లివచ్చాక గాలి వడపోత చూడాలనేది అందుకే.

టైరులో గాలి కూడా ఒక మార్పే. దానికి పానా కూడా అక్కర్లేదు. వెనక చక్రం మీద 140 కిలోల బరువు పడుతోందనుకోండి. టైరులో గాలి చదరపు సెంటీమీటరుకు 2 కిలోలు, అంటే పంపు మీటరు మీద సుమారు 28. బరువును పీడనంతో భాగిస్తే టైరు నేలను తాకే వైశాల్యం వస్తుంది: దాదాపు 70 చదరపు సెంటీమీటర్లు. పోస్టుకార్డులో సగం కంటే కాస్త ఎక్కువ! అంత మాత్రం రబ్బరు మీదే బండి నడుస్తోంది. గాలిని 1.4 కిలోలకు తగ్గిస్తే వైశాల్యం 100 అవుతుంది. టైరు మందం వల్ల ఈ లెక్కలో కొంత తేడా వస్తుంది గాని దిశ ఇదే. ఇసుకలో దిగబడకుండా పోవడానికి ఇది ఎంతో ఉపకారం. కాని అదే గాలితో తారురోడ్డెక్కి వేగంగా పోతే టైరు వేడెక్కుతుంది, మలుపులో బండి తూలుతుంది. రాయి తగిలితే ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి రెండు చిల్లులు పడతాయి. ఇసుక దాటగానే గాలి కొట్టుకోవాలి. అందుకే తెలిసినవాళ్లు చేతి పంపు వెంట ఉంచుకుంటారు.

మార్పులకు చట్టం కూడా ఒక హద్దు గీసింది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు కంపెనీ చెప్పినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. గేర్లున్న మోటారు సైకిలు నడపడానికి మీకు 18 ఏళ్లు నిండాలి. లెక్క వేయడానికి మాత్రం లైసెన్సు అక్కర్లేదు. కాబట్టి ఇది చేయండి.

110 లింకుల గొలుసు 15 పళ్ల స్ప్రాకెట్ మీద తిరుగుతోంది. ఒక లింకు మీదా, అది కూర్చున్న పన్ను మీదా రంగు చుక్క పెట్టాం. గొలుసు ఎన్ని పూర్తి చుట్లు తిరిగాక ఆ లింకు మళ్లీ అదే పన్ను మీదికి వస్తుంది? 110, 15ల క.సా.గు. కనుక్కోండి: 330. కాబట్టి మూడు చుట్లు. ఆ లింకు జీవితమంతా 15 పళ్లలో మూడింటినే కలుస్తుందన్నమాట. 14 పళ్లది వేస్తే ఎన్నింటిని కలుస్తుంది? 110 బదులు 112 లింకులుంటే? మొదటి ప్రశ్నకు జవాబు 7. రెండోది మీరే చెప్పాలి, రెండు స్ప్రాకెట్లకూ.