పాత కెమెరా – తరగని విద్య

ఛాయాగ్రహణం ప్రధానంగా వెలుతురును కొలిచే విద్య. 1925లో జర్మనీలో విపణికి వచ్చిన లైకా కెమెరా, 35 మిల్లీమీటర్ల ఫిల్ముతో ఈ విద్యను అరచేతిలోకి తెచ్చింది. ఒక చుట్టకు 36 చిత్రాలే గనుక, మీట నొక్కే ముందు ఆలోచన తప్పనిసరి.

పాత లెన్సుల అంచున 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అనే అంకెలు ఉంటాయి. ఒక్కొక్క మెట్టు పైకి జరిపినప్పుడు లోనికి వచ్చే వెలుతురు సగానికి తగ్గుతుంది. ఫిల్ము వేగం 100 అయితే, నిండు ఎండలో 16 అంకె వద్ద, సెకనులో 125వ వంతు కాలం చాలునన్నది అనుభవజ్ఞుల సూత్రం. ఆకాశం మబ్బు పట్టితే రెండు మెట్లు దిగి 8కి రావాలి.

ఈ లెన్సులు నేటి డిజిటల్ కెమెరాలకు కూడా అమరుతాయి. ప్రాక్టికా, జెనిట్ కెమెరాల ఎం42 మర లెన్సుకు, ఫిల్ముకు నడుమ 45.46 మిల్లీమీటర్ల దూరం అవసరం. అద్దం లేని సోనీ ఇ రకం కెమెరాలో ఆ దూరం 18 మాత్రమే. మిగిలిన 27.46 మిల్లీమీటర్లను అడాప్టరు అనే బోలు గొట్టం పూరిస్తుంది.

అయితే తేమ వీటికి ప్రబల శత్రువు. తోలు సంచిలో ఏళ్ల తరబడి మూసి ఉంచితే బూజు పట్టి, గాజుపైనున్న పూతను తినివేస్తుంది. ఆ నష్టం తుడిస్తే పోయేది కాదు. కనుక సిలికా జెల్ వేసిన పొడి డబ్బాలో భద్రపరచి, తరచు వెలుతురులోకి తీసి వాడాలి. పెద్దలు మిగిల్చిన కెమెరా బీరువాలో ఉన్న విద్యార్థులు దానిని నేడే తెరిచి చూచుట మేలు. విద్యవలెనే ఇదియును దాచిన నశించును, వాడిన నిలుచును.