మైకు మీ చేతిలో లేనప్పుడు

కరోకే సాయంత్రాన్ని నిలబెట్టేది పాడేవాళ్ల కన్నా వినేవాళ్లే. 20 మంది చేరారనుకోండి. పాటకు నాలుగైదు నిమిషాల చొప్పున, మీ వంతు మళ్లీ వచ్చేసరికి గంటన్నర. అంటే మీరు పాడేది ఐదు నిమిషాలు, మిగతాదంతా వినడమే. మీ సంస్కారం బయటపడేది ఆ గంటన్నరలోనే.

తొలి కరోకే యంత్రాల్లో ఒకదాన్ని 1971లో జపాన్‌లోని కోబెలో దైసుకే ఇనోవే తయారుచేశారు. మనుషులు ఒకరినొకరు సహించడానికి కొత్త దారి చూపారంటూ 2004లో ఆయనకు ఇగ్ నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. సరదాకి ఇచ్చే బహుమతే అయినా అందులోని మాట అక్షరాలా నిజం.

మొదటిసారి పాడుతున్న అమ్మాయిని చూడండి. పల్లవి ఎలాగో గట్టెక్కుతుంది. మధ్యలో సంగీతం అయ్యాక చరణం ఎక్కడ ఎత్తుకోవాలో తెలియదు. తెరమీద అక్షరాలు రంగు మారిపోతుంటాయి, గొంతు పెగలదు. సరిగ్గా అప్పుడు మీరు ఫోన్‌లో తల దూర్చినా, పక్కవాళ్లతో గుసగుసలాడినా ఆమె ఇక మైకు ముట్టకపోవచ్చు. చప్పట్లతో తాళం వేయండి. కూర్చున్నచోటి నుంచే మొదటి మాట అందించండి. అంతవరకే. మైకు అందుకుని మీరు పాడేస్తే అది సాయం కాదు. శ్రుతి తప్పిందని అందరిముందూ దిద్దడమూ అంతే, అడిగితే తర్వాత చెప్పొచ్చు. వీడియో తీయాలంటే అనుమతి అడగండి, వాట్సాప్ గ్రూపులో పెట్టాలంటే మళ్లీ అడగండి.

ఇక మీ వంతు. పేరు పిలిచాక పాట వెతుక్కుంటూ నిలబడకండి. ట్రాక్ మీ గొంతుకు అందనంత పైస్థాయిలో ఉంటే కీ తగ్గించమని నిర్వాహకుడికి చెప్పండి. యుగళగీతమైతే జోడీని మాట్లాడుకునే వెళ్లండి, మొహమాటపడేవాళ్లను చెయ్యి పట్టి లాగకండి. మైకు జాలీని గుప్పిట్లో మూసినా, స్పీకర్ వైపు తిప్పినా కీచుమంటుంది. పాట కాగానే మైకు తర్వాతివాళ్లకు ఇచ్చేయండి, స్నేహితులు ‘ఇంకొక్కటి’ అని అరిచినా సరే. ఒక్క పాటైనా పాడనివాళ్లు ఎదురుచూస్తుంటే మీరు రెండోది పాడటం వాళ్ల వంతు లాక్కోవడమే.

ఈ సంక్రాంతికి మీ అపార్ట్‌మెంట్‌లో కరోకే పెడితే, మీ పాట అయిపోయిందని లేచి వెళ్లిపోకండి. చివరి పేరు పిలిచేదాకా కూర్చోండి.