ఫోటో తీసిన కన్ను

ఆత్రేయపురం పూతరేకుల పేరు వినని వాళ్ళు గోదావరి జిల్లాల్లో ఉండరు. అక్కడ ఆడవాళ్ళు రేకులు తీస్తుంటే ఎప్పుడైనా చూశారా? కుండను బోర్లిస్తారు. కింద మంట పెడతారు. పలచని గుడ్డను పిండిజావలో ముంచి, వేడి కుండ మీద పరిచి లాగేస్తారు. అంతే, రేకు తయారు. కన్ను మూసి తెరిచేలోగా పని అయిపోతుంది.

ఆ ఊళ్ళో ఒకామె ఈ పనిని సెల్‌ఫోనుతో ఫోటో తీసింది అనుకుందాం. ఆమెకు స్టూడియో లేదు. డబ్బుల కోసం తియ్యదు. తీరికప్పుడు ఇష్టం కొద్దీ తీస్తుంది. ఆ ఫోటోలో ఇల్లు లేదు, పొయ్యి లేదు, మనిషి ముఖం కూడా లేదు. రెండు చేతులు, వాటి మధ్య ఒక రేకు ఉన్నాయి. రేకు వెనక నుంచి వాకిట్లో వెలుగు పడుతోంది.

పక్కింటామెకు కూడా ఫోటోల సరదా ఉంది. ఆమె "బాగుందిలే" అని ఫోను తిరిగి ఇచ్చేస్తే కథ అక్కడితో సరి. కానీ ఆమె అలా ఇవ్వలేదు.

"వదినా, ముఖం తియ్యకుండా చేతులే తీశావేం?"

"ముఖం ఉంటే అందరూ ముఖమే చూస్తారు. రేకును ఎవరు చూస్తారు?"

"నిజమే సుమా! రేకు అవతల ఆవిడ వేళ్ళు కూడా కనబడుతున్నాయి. నేను రోజూ అక్కడే కూర్చుంటాను. నా కంటికి ఇది ఆనలేదు."

ఇదీ మెచ్చుకోవడం అంటే. ఏం బాగుందో విడమరిచి చెప్పింది.

ఆ వదిన కన్ను చేసిన పని ఏమిటో చూద్దాం. ఫోటో అంటే వెలుగుతో గీసిన బొమ్మ. వెలుగు మనిషి వెనక ఉంటే ముఖం నల్లగా పడుతుంది. అందుకే స్టూడియోలో వెలుగును ముఖం మీద పడేలా పెడతారు. కానీ పలచని వస్తువులకు వెనక వెలుగే అందం. కొబ్బరాకు, తడి చీర, పూతరేకు అలాంటివి. ఆమె వాకిలికి ఎదురుగా కూర్చుంది. రేకు పైకి లేచేదాకా ఆగింది. అక్కర్లేనివన్నీ వదిలేసింది. ఈ వదిలెయ్యడమే కష్టం. ఫోను అందరి దగ్గరా ఉంది. ఏం వదలాలో తెలిసిన కన్ను అందరికీ ఉండదు.

అలాంటి కన్నును ఒకరు గుర్తిస్తే ఏమవుతుంది? రాజమండ్రిలో జరిగిన సంగతి ఒకటి ఉంది. ఇది కెమెరా సంగతి కాదు, కుంచె సంగతి. అయినా చూపు చూపే.

1909లో ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాలుగా వచ్చాడు. ఆయన ఉద్యోగం చదువు చెప్పడం. బొమ్మలు వెయ్యడం ఆయన ఇష్టం. ఆ ఊరి కుర్రాడు దామెర్ల రామారావు గీసిన బొమ్మలు ఆయన కంటపడ్డాయి. ఆయన మెచ్చుకుని ఊరుకోలేదు. వెన్ను తట్టి, బొంబాయిలో జె.జె. చిత్రకళాశాలలో చదివేలా చేశాడు. రామారావు అక్కడ నేర్చుకుని రాజమండ్రి తిరిగి వచ్చాడు. గోదావరిని, మన మనుషులను చిత్రాలుగా వేశాడు. 1925లో మశూచి సోకి, ముప్పై ఏళ్ళైనా నిండకుండానే పోయాడు. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేసినవారే. రామారావు పేరుతో రాజమండ్రిలో చిత్రశాల ఉంది. ఆ ఊరు వెళ్ళినప్పుడు చూడండి.

"చిన్నప్పుడైతే సరే, ఈ వయసులో మాకెందుకు?" అంటారేమో. కలకత్తాలో 1815లో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ సంగతి వినండి. ఆమె తర్వాత ఇంగ్లండులో కాపురం పెట్టింది. 1863లో కూతురూ అల్లుడూ ఆమెకు ఒక కెమెరా బహుమతి ఇచ్చారు. అప్పటికి ఆమెకు 48 ఏళ్ళు. ఆరుగురు పిల్లల్ని కన్నతల్లి. బొగ్గుల గదిని ఫోటోలు కడిగే చీకటి గదిగా మార్చింది. కోళ్ళగూటిని ఫోటోలు తీసే గదిగా చేసుకుంది! ఆ రోజుల్లో ఫోటో గాజు పలక మీద పడేది. పలక తడి ఆరకముందే పని ముగించాలి. కూర్చున్న మనిషి చాలాసేపు కదలకూడదు.

ఆమె ఫోటోలు కొంచెం మసగ్గా ఉండేవి. ఫోటోల సంఘం పెద్దలు తప్పు పట్టారు, పని రాదన్నారు. కానీ ఆమె పాత స్నేహితుడు జాన్ హెర్షెల్ అలా అనలేదు. ఆయన నక్షత్రాలను చదివిన శాస్త్రవేత్త. ఫోటో చెరిగిపోకుండా నిలబెట్టే మందు, మన స్టూడియోల వాళ్ళు హైపో అనేది, దాని గుణం కనిపెట్టినవాడు. ఆమె తీసిన ఒక పడుచుపిల్ల ఫోటో చూసి ఆయన 1866లో ఉత్తరం రాశాడు. ఆ పిల్ల ప్రాణంతో ఉన్నట్టుందని, కాగితంలోంచి గాలిలోకి తల చాచినట్టుందని రాశాడు. చూడండి, ఆయనా "బాగుంది" అని వదిలెయ్యలేదు. అందరూ మసక చూసిన చోట ఆయన ప్రాణం చూశాడు.

కన్ను ఒకరిది, పేరు మరొకరిది అయిన సందర్భాలూ ఉన్నాయి. గుజరాత్‌లో 1913లో పుట్టిన హొమాయ్ వ్యారావాలా మన దేశంలో మొదటి మహిళా పత్రికా ఫోటోగ్రాఫరు. ఆమె తీసిన మొదటి ఫోటోలు భర్త పేరుతో అచ్చయ్యాయి. ఆయన కూడా ఫోటోలు తీసేవాడే. ఆమె పేరు అప్పటికి ఎవరికీ తెలియదు. తర్వాత స్వతంత్రం వచ్చిన రోజుల ఢిల్లీని ఆమె ఫోటోలు తీసింది. 2011లో ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చింది. అప్పటికి ఆమెకు 97 ఏళ్ళు.

అందుకని ఒకరి ఫోటోను ఇంకొకరికి చూపించేటప్పుడు, తీసిన మనిషి పేరు కూడా చెప్పాలి. ఫోటోలో ఉన్న మనిషిని అడగకుండా మాత్రం ఎవరికీ పంపకూడదు. ముఖ్యంగా ఆడపిల్లల ఫోటోలు.

ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న ఒక ఫోటో తియ్యండి. పెళ్ళి ఫోటో అయినా సరే, గోడ మీది క్యాలెండరు అయినా సరే. పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకోండి. వెలుగు ఏ పక్క నుంచి పడింది? తీసినవారు ఎక్కడ నిలబడి ఉంటారు? దేన్ని వదిలేశారు? ముందు ఆమెను చెప్పనివ్వండి. తర్వాత మీరు చెప్పండి. ఆ ఫోటో ఎవరు తీశారో తెలిస్తే, వారి పేరు పలక మీద రాయండి.