నలభై రెండవ సంఖ్య

అమెరికా ప్రజలు బేస్‌బాల్‌ను తమ జాతీయ క్రీడగా భావించేవారు. అయినా ఆ క్రీడలోని అగ్రశ్రేణి పోటీలలో సుమారు ఆరు దశాబ్దాలపాటు నల్లజాతివారికి చోటు లభించలేదు. 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు పక్షాన జాకీ రాబిన్సన్ మైదానంలో అడుగుపెట్టడంతో ఆ అడ్డుగోడ కూలింది.

ప్రేక్షకులు దూషించారు, ప్రత్యర్థులు అవమానించారు, బెదిరింపు లేఖలు వచ్చాయి. తనను ఎంపిక చేసిన బ్రాంచ్ రిక్కీకి ఇచ్చిన మాటకు కట్టుబడి, ఆయన పల్లెత్తు మాట అనలేదు, ఆటతోనే బదులిచ్చాడు. ఆ సంవత్సరమే ఉత్తమ నూతన క్రీడాకారుడిగా ఎంపికయ్యాడు. సహనం పిరికితనం కాదని నిరూపించాడు.

రాబిన్సన్ ధరించిన 42వ సంఖ్యను ఇకపై ఎవరికీ కొత్తగా కేటాయించరాదని 1997లో నిర్ణయించారు. అయితే ఏటా ఏప్రిల్ 15న మాత్రం అన్ని జట్ల క్రీడాకారులూ ఆ సంఖ్యనే ధరించి ఆయనను స్మరిస్తారు.