అమ్మే కోచ్

కోచ్ అంటే ఆట నేర్పే గురువు. ఒరసీన్ ప్రైస్ అలాంటి గురువు.

ఆమెది అమెరికా. నర్సుగా పనిచేసేది. కాంప్టన్ అనే ఊళ్లో కాపురం. అయిదుగురు కూతుళ్లు. ఆఖరి ఇద్దరు వీనస్, సెరీనా. వాళ్లకు టెన్నిస్ నేర్పాలని భర్త రిచర్డ్ విలియమ్స్ అనుకున్నాడు. ఆ ఆట భార్యాభర్తలిద్దరికీ రాదు. పుస్తకాలు చదివారు. వీడియోలు చూశారు. ముందు తాము నేర్చుకున్నారు. తర్వాత ఊరి మైదానంలో పిల్లలకు నేర్పారు.

1999లో సెరీనా అమెరికా ఓపెన్ పోటీ గెలిచింది. 2000లో వీనస్ వింబుల్డన్ పోటీ గెలిచింది. 2002లో ప్రపంచంలో మొదటి రెండు స్థానాలూ ఈ అక్కచెల్లెళ్లవే.

పేరు ఎక్కువగా తండ్రికే వచ్చింది. కాని తల్లి కూడా మైదానంలో నిలబడి నేర్పింది. పెద్దయ్యాక ఆమె నేర్చుకున్న విద్య పిల్లలకు ఆస్తి అయింది.

మీరు కొత్తగా ఏం నేర్చుకున్నారు? ఎవరికి నేర్పుతారు?