దిద్దిన కొద్దీ

వ్యాసం రాసి తీసుకువెళ్ళినప్పుడు ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో గీతలు గీసి, "మళ్ళీ రాసుకురా" అంటే మీకు చిన్నతనంగా అనిపిస్తుంది కదూ! రానివాడే దిద్దుకుంటాడనీ, వచ్చినవాడు ఒక్కసారికే రాసేస్తాడనీ మనలో చాలామందికి ఒక నమ్మకం. లియో టాల్‌స్టాయ్ నవలలు రాసిన తీరు తెలిస్తే ఆ నమ్మకం నిలవదు.

టాల్‌స్టాయ్ (1828–1910) రష్యా దేశీయుడు. మాస్కోకు దక్షిణాన దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న యాస్నయా పొల్యానా ఆయన స్వస్థలం. 'యుద్ధము–శాంతి' నవలను 1863లో మొదలుపెట్టి 1869లో ముగించాడు. దాని ప్రారంభాన్నే పదిసార్లకు పైగా మార్చి రాశాడు. అయితే మనం ఇక్కడ చెప్పుకోబోయేది ఆయన మరొక పెద్ద నవల 'అన్నా కెరనినా' గురించి.

1872 జనవరిలో ఆయన ఊరికి దగ్గరలోని రైల్వేస్టేషనులో ఒక స్త్రీ రైలు కింద పడి ప్రాణం తీసుకున్నది. టాల్‌స్టాయ్ వెళ్ళి ఆమె శవాన్ని చూశాడు. మరుసటి సంవత్సరం మార్చిలో, భర్తను కాదని మరొకరిని ప్రేమించిన ఒక పెద్దింటి స్త్రీ కథ రాయడానికి కూర్చున్నాడు.

తొలి చిత్తుప్రతులలో ఆమె నేటి పాఠకులు ఎరిగిన అన్నా కాదు. రూపం లేదు, నడవడిలో మర్యాద లేదు. భర్త మాత్రం మంచివాడు, జాలిపడదగినవాడు. అంటే రచయిత కథ మొదలుపెడుతూనే తీర్పు చెప్పేశాడన్నమాట! కొట్టివేసి మళ్ళీ రాస్తున్నకొద్దీ ఆమె మారింది. హుందాతనం వచ్చింది. ఆమె దుఃఖానికి కారణాలు కనిపించసాగాయి. భర్త బిగుసుకుపోయిన అధికారిగా మారాడు. అయినా అతణ్ణి పూర్తిగా చెడ్డవాణ్ణి చేయలేదు. మొదట లేనే లేని లేవిన్ అనే పాత్ర వచ్చి పొలాలనూ, రైతులనూ, కోతలనూ నవలలోకి తెచ్చాడు. అక్షరదోషాలు దిద్దడం సులభం. తాను చెప్పిన తీర్పును తానే దిద్దుకోవడానికి ఏళ్ళు పట్టింది.

ఆ శ్రమ ఆయన ఒక్కడిదే కాదు. ఆయన చేతిరాత కోడిగీతలు. పంక్తుల మధ్యా, అంచులలోనూ ఇరికించి రాసినది భార్య సోఫియాకు తప్ప ఇతరులకు అంతుపట్టేది కాదు. పగలు పిల్లలనూ ఇంటినీ చూసుకుని, రాత్రి దీపం ముందు ఆమె సాపుప్రతి రాసేది. 1873 నుండి 1875 వరకు ఆ ఇంట ముగ్గురు పసిబిడ్డలు చనిపోయారు. ఆ దుఃఖం నడుమనే రాయడం, తిరగరాయడం సాగింది.

1875లో నవల ఒక మాసపత్రికలో ధారావాహికగా రావడం మొదలైంది. మాస్కో నుండి ప్రూఫులు వచ్చేవి. అప్పటి ముచ్చటను వారి కుమారుడు ఇల్యా తన జ్ఞాపకాలలో చెప్పాడు. ముందు అంచున చిన్న గుర్తులు, తప్పిపోయిన అక్షరాలు పడేవి. తరవాత మాటలు, ఆపైన వాక్యాలు మారేవి. చివరకు కాగితం నల్లబడిపోయేది. రాత్రంతా మేలుకొని సోఫియా దానిని కొత్తగా రాసి పెట్టేది. ఉదయం టపాకు సిద్ధంగా ఉన్న కాగితాలను ఆయన, ఒక్కసారి చూసి ఇస్తానని తీసుకుపోయేవాడు. సాయంత్రానికి మళ్ళీ నలుపే! తప్పు చేసిన పిల్లవాడిలా వచ్చి, రేపు తప్పక పంపేద్దామనేవాడు. ఆ 'రేపు' కొన్నిసార్లు వారాల తరబడి వచ్చేది కాదు. పంపిన తరువాత కూడా ఒక మాట నచ్చక టెలిగ్రాం కొట్టించేవాడు. ఇంట ఒక భాష, వీధిలో మరొక భాషతో పెరిగే మీకు సరైన మాట కోసం వెతుక్కోవడం కొత్త కాదు కాబట్టి ఆయన అవస్థ అర్థమవుతుంది. నాకు మాత్రం సోఫియా పేరు ఆ పుస్తకం అట్టమీద లేకపోవడం వెలితిగానే తోస్తుంది.

తన రాతను ఇంతగా కొట్టివేసుకున్న మనిషి, పరులు మార్చమంటే ఒప్పుకోలేదు. టర్కీతో పోరాడే సెర్బియాకు సాయంగా ఉత్సాహంతో వెళుతున్న రష్యన్లను నవల చివరి భాగంలో ఆయన మెచ్చుకోలేదు. పత్రికాధిపతి కత్కోవ్‌కు అది మింగుడుపడలేదు. మార్చనిదే వేయనన్నాడు. టాల్‌స్టాయ్ మార్చలేదు. 1877లో పత్రిక కథ ముగింపును క్లుప్తంగా చెప్పి ఊరుకుంది. ఆయన ఆ భాగాన్ని విడిగా అచ్చువేయించుకున్నాడు.

అదే వేసవిలో విమర్శకుడైన మిత్రుడు స్ట్రాఖోవ్ వచ్చాడు. నవలను పుస్తకంగా తేవడానికి ఇద్దరూ కలిసి కూర్చున్నారు. స్ట్రాఖోవ్ విరామచిహ్నాలు సరిచూసి, సందేహం తోచిన చోట అడిగేవాడు. టాల్‌స్టాయ్ కొన్ని మార్చాడు. చాలాచోట్ల మాత్రం, ఎంత చిన్న మాటైనా అది అక్కడ అలాగే ఎందుకుండాలో వాదించి నిలబెట్టుకున్నాడు. 1878లో పుస్తకం వెలువడింది.

ఆయన నవలల చిత్తుప్రతులు నేటికీ మాస్కోలోని టాల్‌స్టాయ్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. అనేక పుటలలో సోఫియా గుండ్రని అక్షరాల వరుసలూ, వాటిమీద ఆయన గీసిన అడ్డగీతలూ కలిసి కనిపిస్తాయి.